ఎనిమిదో రిలే

20 సెప్టెంబర్, శనివారం

ల్యాబ్‌లో ఆయుధపూజ బాగా జరిగింది. పండగ ఇంకా పది రోజుల పైన ఉంది గానీ, రేపటి నుంచి దసరా సెలవులు కాబట్టి ఇవాళే కానిచ్చాం. మా ప్రిన్సిపాల్ డోరా మేడం ఒకటే షరతు పెట్టారు. “అగరబత్తులు వద్దు దేవికా. స్మోక్ అలారం మోగిందంటే ఈ కార్ఖానా పేట జనమంతా మన స్కూలు ముందే నిలబడతారు. మిగతాది మీ ఇష్టం.” అన్నారు గానీ, పులిహోర దగ్గరికి అందరికంటే ముందు ఆవిడే వచ్చారు.

ఎనిమిదో తరగతి పిల్లలు ఇరవై ఇద్దరు, వాళ్లకి ఇరవై రెండు బుల్లి కంప్యూటరు బోర్డులు. అరచేతిలో సగం కూడా లేని ఆ నీలం బోర్డులకి వరసగా కుంకుమ బొట్లు పెడుతుంటే నాకు నవ్వాగలేదు. నిరుడు ఈ స్కూల్లో ఇద్దరు ముగ్గురికి కలిపి ఒక కంప్యూటరు ఉండేది. ఇప్పుడు ఒక్కో పిల్లకీ ఒక్కో బోర్డు. చవకవి కాబట్టే ఇంటికి పంపగలుగుతున్నాం, పాడైతే పోయిందిలే అనుకోగలుగుతున్నాం.

సెలవుల పని ఇచ్చాను. ఇంట్లో ఒక ఇబ్బంది ఏదైనా చూడండి, దానికి ఒక పరికరం చెయ్యండి, కొత్తగా ఏదీ కొనొద్దు, ఇంట్లో ఏ డబ్బా దొరికితే ఆ డబ్బాలో బిగించండి. ఆ చివరి వాక్యం నాకు బాగా నచ్చి నల్లబోర్డు మీద దాని కింద రెండుసార్లు గీత గీశాను.

బీరువాలో ఉన్న, ఇంటి కరెంటుకి కలిపే ఎనిమిది రిలేల పెట్టె తియ్యకూడదనుకున్నాను. అటెండరు లక్ష్మణ్ ఒప్పుకోలేదు. “అన్నిటికి బొట్టు పెట్టాలె మేడం. బయట ఉన్నదానికి పూజ, బీరువల ఉన్నదానికి లేదంటే ఎట్ల?” సరేనని తీశాను. పూజ అయ్యాక మళ్లీ బీరువాలో పెట్టబోతే దానికీ అడ్డుపడ్డాడు. “పొద్దుమూకెదాక కదపొద్దు. ఆ దినం మా ఇంట్ల గడ్డపారను సుత ముట్టం.” మా బొబ్బిలి వైపూ అంతే, ఆ రోజు నాన్న సైకిలు కూడా ఎక్కేవాడు కాదు. పిల్లలు మాత్రం ఇంటికి పోవాలి కదా. ఎవరి బోర్డు, ఎవరి వైర్లు వాళ్లు తీసుకుపోతే అమ్మవారు ఏమీ అనుకోదని లక్ష్మణే తీర్పు చెప్పాడు. మిగిలినవి సాయంత్రం తనే సర్దుతానన్నాడు. నేను మూడున్నరకే బయల్దేరాను.

ఇవాళ అందరికంటే సంబరంగా సంచీ సర్దుకున్నది ఫెయిత్. జూన్‌లో బోర్డు ముట్టుకోమంటే చేతులు వెనక్కి పెట్టుకున్న పిల్ల. అప్పుడు నేను నాలుక మీద వేలు తడుపుకుని, రెండు పిన్నులూ పట్టుకుని చూపించాను. ఐదు వోల్టులు, చీమ కుట్టినంత కూడా ఉండదు, భయం వద్దు అన్నాను. అందరి చేతా పట్టించాను. ఫెయిత్ ఏడ్చింది. ఆ పిల్ల వేలు నేనే పట్టుకుని పిన్నుకి ఆనించాను. ఆ తర్వాత మరి వెనక్కి చూడలేదు. టీచరుగా నేను చేసిన మంచి పని ఏదని ఎవరైనా అడిగితే అదే చెబుతాను.

21 సెప్టెంబర్, ఆదివారం

బట్టలు ఉతికాను, నిద్రపోయాను. రాయడానికేమీ లేదు.

22 సెప్టెంబర్, సోమవారం

స్టాకు రిజిస్టరు పూర్తి చేసి తాళాలు అప్పగించడానికి స్కూలుకి వెళ్లాను.

రిలేలు ఏడు ఉన్నాయి.

పెట్టె బల్ల మీద బోర్లించి మళ్లీ లెక్కపెట్టాను. ఏడు. బీరువా కింద చూశాను, చెత్తబుట్టలో చూశాను, పూజ పళ్లెంలో ఎండిపోయిన పూల కింద కూడా చూశాను. లక్ష్మణ్‌ని అడిగితే, “ఉన్నయి ఉన్నట్టు లోపల పెట్టిన మేడం. ఎన్ని ఉండెనో నాకేం ఎరుక?” అన్నాడు. అతన్ని అనడానికి లేదు. బొట్టు పెట్టించుకుని బోర్డులూ సెన్సార్లూ రిలేలూ అన్నీ ఒకే బల్ల మీద ఉన్నాయి. ఏ పిల్లో ఇది కూడా తన సామానే అనుకుని సంచీలో వేసుకుంది.

పోయింది వేరే ఏదైనా అయితే పోనీ అనుకుందును. బోర్డంతా ఐదు వోల్టులది. రిలేకి ఒక పక్క ఐదు వోల్టులు, రెండో పక్క ఇంటి కరెంటు. మధ్యలో ఉన్నది అగ్గిపెట్టెలో సగమంత నీలం దిమ్మ. బోర్డు చెప్పగానే అది టిక్కుమని ఇంటి కరెంటుని కలుపుతుంది. ఫ్యాను, మోటారు, ఏదైనా తిరుగుతుంది. పైనుంచి చూస్తే బుద్ధిగా ఉంటుంది గానీ, తిప్పి చూస్తే అడుగున టంకం బొట్లన్నీ బయటికే ఉంటాయి. కరెంటు ఇచ్చాక వాటిని ముట్టుకుంటే మనిషి మిగలకపోవచ్చు. చవక సామాను కదా, మూత ఉండదు.

డోరా మేడం జూన్‌లోనే నాతో కాగితం రాయించుకున్నారు. బ్యాటరీ మీద నడిచేవి తప్ప ఇంటి కరెంటు తగిలే వస్తువేదీ ఎనిమిదో తరగతి చేతికి ఇవ్వనని. దాని కింద సంతకం నాదే.

రిజిస్టరులో నా రాతలోనే 8 అని ఉంది. దాని మీద తెల్లరంగు పూశాను. ఆరాక 7 వేశాను.

అసలు వచ్చినవే ఏడేమో. పార్సిల్ విప్పిన రోజు హడావుడిలో నేనే తప్పు లెక్కపెట్టి ఉంటాను.

23 సెప్టెంబర్, మంగళవారం

ఎనిమిదే వచ్చాయి. పెట్టెలో ఎనిమిది గళ్లు ఉన్నాయి.

పొద్దున్నుంచి ఫోన్లు చేస్తున్నాను. ప్రాజెక్టు ఎంతవరకూ వచ్చిందో తెలుసుకుందామని చేశానని చెబుతున్నాను. పిల్లకి ఫోనివ్వమని, నీ దగ్గర ఏమేం ఉన్నాయో చదువు నాన్నా అంటున్నాను. పోయిందేమిటో మాత్రం చెప్పడం లేదు. చెబితే సాయంత్రానికి డోరా మేడం చెవిలో పడుతుంది. మూడేళ్లు ఇంట్లో కూచున్నాక దొరికిన ఉద్యోగం ఇది. అంతకంటే, ల్యాబ్ మూసేస్తారు. ఆ ఇరవై రెండు బోర్డుల కోసం రెండేళ్లు ఆఫీసు గది ముందు నిలబడ్డాను.

పదకొండు మంది అయ్యారు. అందులో పది మంది దగ్గర లేదు. పదకొండోది ఫెయిత్ ఇల్లు. వాళ్ల నాన్న రామకృష్ణ ఎత్తాడు, ట్రాలీ ఆటో నడుపుతాడు.

“మీరే ఫోన్ చేసిండ్రా మేడం, మస్తు సంతోషం. పొద్దుగాల లేస్తే దాంతోనే కూసుంటది. మాకు నీళ్ల తక్లీఫ్ ఉంది కద, దానికే ఏందో చేస్తనంటది. ఇప్పుడు లేదు, చర్చిల పాటల ప్రాక్టీసు ఉందని పోయింది. ఒచ్చినంక చెయ్యమంటనా?”

అక్కర్లేదండి అన్నాను. ఫెయిత్ మీద నాకు బెంగ లేదు. బోర్డు ముట్టుకోవడానికే ఏడ్చిన పిల్ల రిలే జోలికి ఏం పోతుంది. పేరు పక్కన టిక్కు పెట్టాను.

24 సెప్టెంబర్, బుధవారం

ఇంకో ఐదుగురు. లేదు, లేదు, లేదు, లేదు, లేదు.

స్నానానికి వెళ్లేముందు గీజరు స్విచ్చి ఆపాను. ఆపానో లేదో అని మళ్లీ వచ్చి చూశాను. మూడోసారి మా ఆయన వాసు చూశాడు.

25 సెప్టెంబర్, గురువారం

విశ్వతేజే. ఇంకెవరూ కాదు. తరగతిలో పక్కవాడి బోర్డులో వైర్లు పీకేది వాడు, పిన్నులు వంచేది వాడు. మిగిలిన ఆరుగురిలో అలాంటి పని చేసేవాడు వాడొక్కడే. ఈ ముక్క ముందే తట్టనందుకు నన్ను నేను తిట్టుకున్నాను. ఫోన్‌లో అయితే అబద్ధం చెబుతాడని నేరుగా రాంగోపాల్‌పేట్ వెళ్లాను. వాళ్ల నాన్న నరసరాజు గారికి అక్కడ వైర్లూ స్విచ్చిలూ అమ్మే కొట్టు ఉంది. భీమవరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారు.

“రండి మేడం గారూ. మావాడు ఏం చేశాడండి?” అన్నారు, కుర్చీ తుడుస్తూ.

ఏమీ చెయ్యలేదండి, ఊరికే ఇటు వచ్చానన్నాను. వాడు చిన్న బ్యాటరీ ఫ్యాను చేశాడు. గదిలోకి మనిషి వస్తే తిరుగుతుంది. చక్కగా చేశాడు. సంచీ మొత్తం కౌంటరు మీద పోయించాను. రిలే లేదు. వాడు నా మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. తనని అనుమానించానని వాడికి తెలిసిపోయింది.

“మీరు వెతికేదేంటో చెబితే నేనూ చూస్తాను కదండీ,” అన్నారు నరసరాజు గారు.

“ఏదో సెన్సార్ ఒకటి తగ్గిందండి. పెద్దదేం కాదు.”

ఆయన కరెంటు సామాను అమ్మబట్టి ముప్ఫై ఏళ్లయిందనీ, ఇప్పటికీ చేతులు తుడుచుకోకుండా స్విచ్చి ముట్టుకోననీ, పిల్లలకి ఇవన్నీ నేర్పుతున్నందుకు నేనంటే గౌరవమనీ చెప్పారు. టీ తెప్పించారు.

ఇంటికొచ్చాక వాసుకి చెప్పేశాను. అన్నం కంచం ముందు పెట్టుకుని నేను తినడం లేదని ఆయనే అడిగాడు.

“ఏటైంది దేవికా? మూడు రోజుల్నించీ సూస్తన్నాను. ఎవులైనా ఏటైనా అన్నారేటి?”

మొత్తం విన్నాడు. విని, ఎంతో తేలిక పని చెబుతున్నట్టు, “పేరెంట్స్ గ్రూపు ఉంది కదా. అందులో ఒక్క మెసేజ్ ఎట్టీ. ఇలాగ ఇలాగ, ఈ వస్తువు ఎవులింట్లో ఉన్నా ముట్టుకోకండి అని. అయిపోద్ది,” అన్నాడు.

“ఆ గ్రూపులో డోరా మేడం ఉన్నారు.”

“ఉంటే ఉండనీ. పిల్లకేటైనా అయితే అప్పుడేటి సెప్తావు?”

అలా అన్నందుకు ఆయన మీద విరుచుకుపడ్డాను. నోరు మంచిది కాదన్నాను. నా ఉద్యోగమంటే ఎప్పుడూ చులకనేనన్నాను. ఆయన కంచం తీసుకుని వరండాలోకి వెళ్లిపోయాడు. ఆయన అన్నది నేను నాలుగు రోజులుగా అనుకుంటున్నదే. ఇంకొకరి నోట వినేసరికి తట్టుకోలేకపోయాను.

27 సెప్టెంబర్, శనివారం

ఇంకొకరు దొరికారు, ఆ ఇంట్లోనూ లేదు. మిగిలింది నలుగురు. నలుగురూ పండగకి ఊళ్లు వెళ్లారు, ఫోన్లు కలవడం లేదు.

మెసేజ్ రాశాను. “తల్లిదండ్రులకు నమస్కారం” దగ్గర మొదలుపెట్టి, “ల్యాబ్‌కి చెందిన ఒక చిన్న వస్తువు” దాకా వచ్చి తుడిపేశాను. మళ్లీ రాశాను. ఈసారి “చిన్న” తీసేశాను. “ప్రమాదకరమైన” అని పెట్టాను. తుడిపేశాను. నాలుగోసారి రాసింది బాగానే వచ్చింది, నేనెక్కడా లేను అందులో, వస్తువు దానంతట అదే సంచీలోకి నడిచి వెళ్లినట్టుంది. దాన్నీ తుడిపేశాను. సోమవారం పెడతాను. సోమవారానికి ఆ నలుగురూ దొరికితే అసలు పెట్టనక్కర్లేదు.

మధ్యాహ్నం కింది ఫ్లాటులో పిల్ల ఒకతె కెవ్వుమంది. నేను మెట్లన్నీ దిగి వెళ్లాను. బల్లి పడిందట.

28 సెప్టెంబర్, ఆదివారం

ఎవరూ ఫోన్ చెయ్యలేదు. ఫోన్ రాలేదంటే ఏమీ కాలేదనే కదా అర్థం.

30 సెప్టెంబర్, మంగళవారం

ఇద్దరు దొరికారు. లేదు. ఇక మిగిలింది దేవిశ్రీ, సత్యదేవ్. ఇద్దరూ కోనసీమలో అమ్మమ్మల ఇళ్లకి వెళ్లారని పక్కింటివాళ్లు చెప్పారు. ఊరెళ్లేటప్పుడు ఎవరూ బోర్డులు పట్టుకుని పోరు. అంటే రిలే ఇక్కడే, తాళం వేసిన ఇంట్లో, సంచీలో ఉంది. ఎవరి చెయ్యీ తగలకుండా భద్రంగా ఉంది. స్కూలు తెరిచిన రోజే మొదటి పీరియడ్‌లో అడిగి తీసుకుంటాను, రిజిస్టరులో మళ్లీ 8 వేస్తాను, ఎవరికీ తెలియక్కర్లేదు.

వారం తర్వాత ఇవాళ కడుపునిండా తిన్నాను. మెసేజ్ పెట్టనందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

1 అక్టోబర్, బుధవారం

సాయంత్రం ఆరు. అన్నీ వరసగా రాస్తాను.

పొద్దున్న ఎనిమిదింపావుకి రామకృష్ణ నంబరు నుంచి వీడియో వచ్చింది. ఫెయిత్ గొంతు. “గుడ్ మార్నింగ్ మేడం. ఇది మా సంపు, నేలల నీళ్ల తొట్టి. నల్లా ఒచ్చి సంపు నిండంగనే ఈ రెండు వైర్లకు నీళ్లు తగుల్తయి. చూడుండ్రి.” చెంబుతో నీళ్లు పోసింది. టిక్కుమంది. పక్కన మోటారు గుర్రుమని తిరిగింది. “మా మమ్మీ నాలుగింటికే కూరగాయల మార్కెట్‌కు పోవాలె. ఇంక మోటర్ ఏసి మీది ట్యాంకు నింపనీకి నల్లా కోసం ఆగుడు అవసరం లేదు.” తర్వాత ఫోను తిప్పి సంపు గట్టు మీదున్న డబ్బా చూపించింది. స్టీలు టిఫిన్ డబ్బా. మూత లేదు. లోపల నీలం బోర్డు, దాని పక్కన కుంకుమ బొట్టుతో రిలే. రిలేకి బిగించిన లావు వైర్లు రెండు గోడ మీది స్విచ్చి బోర్డులోకి పోతున్నాయి. “ఇంట్ల ఏ డబ్బ దొరికితే గదే అన్నరు కద మేడం. ఇది మా తాత డబ్బ.”

స్టీలు డబ్బా, నీళ్ల గట్టు. అడుగున టంకం బొట్లు.

ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. ఏడుసార్లు చేశాను. ఇంటి అడ్రసు నా దగ్గర లేదు, స్కూల్లో ఉంది. డోరా మేడాన్ని అడగాలి. అప్పుడు కూడా, సిగ్గు లేకుండా రాస్తున్నాను, అప్పుడు కూడా ఏ వంక పెట్టి అడ్రసు అడగొచ్చా అని ఒక నిమిషం ఆలోచించాను. ఫెయిత్ చెంబు పట్టుకున్న తడి చెయ్యి గుర్తొచ్చింది. గ్రూపు తెరిచి రాశాను.

“నేను దేవికని. నా పొరపాటు వల్ల ఇంటి కరెంటు తగిలే రిలే అనే వస్తువు ఎనిమిదో తరగతి ఫెయిత్ దగ్గరికి వెళ్లింది. సంపు దగ్గర స్టీలు డబ్బాలో పెట్టి మోటారుకి కలిపింది. ముట్టుకుంటే ప్రాణం పోవచ్చు. వాళ్లు ఫోన్ ఎత్తడం లేదు. ఇల్లు తెలిసినవారు వెంటనే చెప్పండి. తొమ్మిది రోజుల కిందటే ఇది పోయిందని నాకు తెలుసు. చెప్పలేదు.”

పంపాను. వెంటనే డోరా మేడం పేరుతో ఫోను మోగింది. ఎత్తలేదు. అంతలో దేవిశ్రీ వాళ్ల అమ్మ, ఎక్కడో కోనసీమలో ఉన్నావిడ, రాసింది. “బోయిన్‌పల్లి మార్కెట్ వెనక సందు, చర్చి దాటాక ఎడమ చేతికి ఆకుపచ్చ గేటు. పుట్టినరోజుకి పాపని దింపాం.” నరసరాజు గారు మాట రికార్డు చేసి పంపారు. “మేడం గారూ, డబ్బా ముట్టుకోకండి. ముందు మెయిన్ ఆపండి. చెప్పులు విప్పకండి. నేనూ బయల్దేరుతున్నాను.”

వాసు ఆఫీసుకి బయల్దేరబోతూ నా మొహం చూసి బండి తాళాలు తీశాడు. సొరుగులోంచి టెస్టరు తీసుకున్నాను. ఏ.ఎస్. రావు నగర్ నుంచి బోయిన్‌పల్లి దాకా దారి ఎలా గడిచిందో చెప్పలేను. తిరుమలగిరి సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడితే ఏడ్చాను. వాసు ఒక చేత్తో నా మోకాలు పట్టుకున్నాడు. పిల్ల బతికుంటే చాలు, ఉద్యోగం పోనీ, ల్యాబ్ పోనీ అని మొక్కుకున్నాను. తొమ్మిది రోజుల ముందు ఎందుకు మొక్కుకోలేదో నాకే తెలియదు.

ఆకుపచ్చ గేటు తీసేసరికి ఫెయిత్ గడప మీద కూచుని జడ వేసుకుంటోంది. నన్ను చూసి నవ్వింది. సంపు దగ్గర వాళ్ల నానమ్మ బిందె పట్టుకుని వంగుతోంది. అమ్మా ఆగండి, ముట్టుకోకండి అని నేను అరిచిన అరుపుకి సందులో వాళ్లు కూడా బయటికి వచ్చారు. ఆవిడ బిందె పట్టుకునే నిలబడిపోయింది. వెళ్లి టెస్టరు మొన డబ్బా అంచుకి ఆనించాను. వెలిగింది.

డబ్బా మొత్తం కరెంటు. వాసు లోపలికి పరిగెత్తి మెయిన్ ఆపాడు. మళ్లీ ఆనించాను, ఆరిపోయింది. అయినా ఐదు నిమిషాలు ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు.

డబ్బాలోంచి అన్నీ విప్పి తీశాక చూశాను. రిలే కింద ఫెయిత్ ఒక అట్టముక్క పరిచింది. ఎవరూ చెప్పకుండానే ఆ జాగ్రత్త పడింది. ఆ అట్ట నీళ్లు చింది నానిపోయి మెత్తగా అయింది.

“గిదానికేనా మేడం గింత లొల్లి?” అంది నానమ్మ. “మొన్నటి సంది డబ్బ ముట్టుకుంటే జిల్లుమంటనే ఉంది. నిన్నయితే చెయ్యి గుంజినట్టయి బిందె జారింది, కాలి మీద పడ్డది. పోరిని అడిగితే చెప్పింది. ఐదు ఓల్టులే నానమ్మా, చీమ కుట్టినంత సుత ఉండదు, భయం వద్దని మా మేడం చెప్పిందన్నది. గందుకే ఓర్సుకున్న.”

రబ్బరు చెప్పులు వేసుకుంది కాబట్టి బతికింది. రెండు రోజులు ఆ ముసలావిడ నా మాట మీద నమ్మకంతో కరెంటు డబ్బాని ముట్టుకుంటూ నీళ్లు తోడుకుంది.

రామకృష్ణ అప్పుడే నిద్ర లేచి బయటికి వచ్చాడు. రాత్రంతా బండి నడిపి, ఫోను సైలెంట్‌లో పెట్టి పడుకున్నాడు. నరసరాజు గారు వచ్చి స్విచ్చి బోర్డు మూత బిగించారు. ఫెయిత్ గోడకి ఆనుకుని చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నిలబడింది. తప్పు నీది కాదు, నాది అని చెప్పాను. విందో లేదో తెలియదు.

2 అక్టోబర్, గురువారం

దసరా. వాసు బండికి పూజ చేశాడు. నేను గదిలోంచి బయటికి రాలేదు. కళ్లు మూసుకుంటే టెస్టరు వెలుగుతోంది.

4 అక్టోబర్, శనివారం

స్కూలు తెరిచారు. ల్యాబ్‌కి కొత్త తాళం ఉంది.

డోరా మేడం నన్ను కూచోమన్నారు. చాలాసేపు ఏవో కాగితాలు సర్దారు. “రిలే పోవడం పొరపాటు. పొరపాట్లు నేనూ చేశాను, ఇరవై ఆరేళ్ల సర్వీసు నాది. కానీ తొమ్మిది రోజులు, దేవికా. రోజూ నా నంబరు నీ దగ్గరే ఉంది.” గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

రిజిస్టరు తెచ్చి తెల్లరంగు చూపించాను. ఆవిడ కళ్లజోడు తీసి, వేలితో తడిమి చూసి, మళ్లీ పెట్టుకున్నారు. స్కూలు కమిటీ కూచునేదాకా ల్యాబ్ తెరవరు. నేను తరగతులు తీసుకోవచ్చు గానీ వైరు ముక్క కూడా ముట్టుకోకూడదు.

సంజాయిషీ కాగితంలో ఒక ప్రశ్న ఉంది. ఎవరికైనా హాని జరిగిందా. “జరగలేదు” అని రాశాను. రాసి, కొట్టేశాను. ఫెయిత్ నానమ్మకి రెండు రోజులు షాకు తగిలింది, బిందె పడి కాలు వాచింది, నేను చెప్పిన అబద్ధపు ధైర్యం వల్ల ఆమె ఎవరికీ చెప్పలేదు అని రాశాను. ఇది రాసినందుకు ఉద్యోగం పోవచ్చు.

ఎనిమిదో తరగతిలో ఫెయిత్ రాలేదు. విశ్వతేజ వచ్చాడు. గుడ్ మార్నింగ్ చెప్పలేదు.

5 అక్టోబర్, ఆదివారం

మధ్యాహ్నం రామకృష్ణ నంబరు నుంచి ఫోను. ఎత్తాను. ఆడమనిషి గొంతు.

“నేను ఫెయిత్ వాళ్ల అమ్మను. ఆ దినం మార్కెట్ల ఉండె, మిమ్ములను చూడలే.”

క్షమించండి అన్నాను. ఆవిడ వినిపించుకోలేదు.

“మా అత్తకు ఏమన్న అయ్యుంటే మీ స్కూలు ముంగట కూసుందును. గది వేరే ముచ్చట. ఇప్పుడు ఇంకోటి చెప్తున్న, ఇనుండ్రి. నేను మళ్ల నల్లా కోసం ఆగుతున్న. నేను పొయ్యేసరికి మార్కెట్ల నేను కూసునే జాగల వేరేటోళ్లు కూసుంటున్నరు. పోరి అది చూస్తుంది. స్టీలు డబ్బ తీసేసి ప్లాస్టిక్ డబ్బల పెడత, మంచిగ చేస్త అంటుంది. వద్దన్న. ఊఁ అన్నది. నా బిడ్డ నాకెరుక మేడం. నేను మార్కెట్ల ఉన్నప్పుడు చేస్తది. రిలే లేకపోతే స్విచ్చి బోర్డు విప్పి వేరే ఏదన్న పెడతది. నిన్న బడికి సుత పోలే, ఆ స్విచ్చి బోర్డు దిక్కే చూసుకుంట కూసున్నది.”

నేను నోరు తెరిచేలోపే ఆవిడే మళ్లీ అందుకుంది.

“నాకు సదువు లేదు. ఏది మంచిదో ఏది కాదో నాకు తెలువది. మీరు ఒచ్చి పక్కన నిలవడి మంచిగ చేపిస్తరా? లేకపోతే నేను ఇంట్ల కరెంటే తీపియ్యాల్నా?”

“నాకు భయంగా ఉందండి,” అన్నాను. నిజమే చెప్పాను.

“నాకు సుత భయమే ఉంది,” అందావిడ. “ఎప్పుడొస్తరు?”

సాయంత్రంలోగా చెబుతానని పెట్టేశాను. నరసరాజు గారికి ఫోన్ చేశాను. ఆయన మూత ఉన్న సరైన సామానూ లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్నీ తను తెస్తానన్నారు, నేను మాత్రం పిల్ల పక్కన ఉండాలన్నారు. వెళితే స్కూలు మాట కాదన్నట్టే. వెళ్లకపోతే ఆ పిల్ల ఒక్కతే ఆ బోర్డు విప్పుతుంది. వాసుకి చెప్పకుండానే, కమిటీ ఏమంటుందో ఆలోచించకుండానే, డోరా మేడం నంబరు నొక్కాను. రెండో రింగుకే ఎత్తారు.

“మళ్లీ ఏమైంది దేవికా?”

“ఇంకా ఏమీ కాలేదు మేడం,” అన్నాను. “అందుకే చేశాను.”